సముద్రం ప్రశ్నలు: వందేళ్ళ చేపను లెక్కపెట్టేదెలా?

ప్రశ్న: మాస్టారూ, సియాటెల్‌లో ఉండే మా అల్లుడు వేసవిలో అలాస్కా వెళ్ళి గాలానికి నారింజ రంగు చేపను పట్టాడు. దాని కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. మూతికి ఏదో బరువు తగిలించి మళ్ళీ సముద్రంలోకి దించేశారు. 'అత్తయ్యా, అది మా తాతయ్య కంటే పెద్దది' అంటాడు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి పట్టిన చేపను వదిలేయడమేమిటి? వయసు మాట నిజమేనా? (ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ)

జవాబు: మీరు చెప్పిన రంగును బట్టి అది యెల్లోఐ రాక్‌ఫిష్ అయ్యుండాలమ్మా. మన ఫిషింగ్ హార్బర్‌లో వెతక్కండి, చల్లని నీళ్ళ చేప. ఆగ్నేయ అలాస్కాలో సరదాగా గాలం వేసేవాళ్ళు 2020 నుంచి దీన్ని ఉంచుకోకూడదు. మీ అల్లుడు దయతలచి వదల్లేదు, రూలు ఉంది కాబట్టి వదిలాడు.

ఇక ఆ బరువు సంగతి. ఈ చేప లోపల గాలితిత్తి ఉంటుంది. అందులోని గాలిని గబుక్కున బయటికి వదిలే దారి దానికి లేదు. నలభై మీటర్ల లోతు నుంచి పైకి లాగితే ఆ గాలి అయిదింతలు ఉబ్బాలని చూస్తుంది. కళ్ళు పొడుచుకొస్తాయి, కడుపు నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. ఊరికే నీళ్ళలో పడేస్తే కిందికి దిగలేక తేలుతూ పక్షుల పాలవుతుంది. బరువు కట్టి లోతుకు దించితే గాలి మళ్ళీ కుంచించుకుపోయి చాలావరకు బతుకుతుంది. అందుకే అలాస్కాలో 2020 నుంచి సరదా వేట బోట్లన్నిటిలో ఈ సాధనం ఉండాల్సిందే.

వయసు మాట నిజం కావచ్చు. యెల్లోఐ వందేళ్ళు దాటి బతుకుతుంది. దీని బంధువు రఫ్‌ఐకి 205 ఏళ్ళ దాకా లెక్కగట్టారు. కానీ బతికున్న చేపను చూసి వయసు చెప్పడం ఎవరి తరమూ కాదు. తల కోసి, చెవిరాయిని (లోపలి చెవిలో ఉండే రాయిలాంటి గట్టి ముక్క) తీసి, విరిచి, మంట మీద కాస్త కాల్చి, చెట్టు మానులో వలయాల్లా లెక్కపెట్టాలి. 1950, 60లలో జరిగిన అణుపరీక్షల రేడియోకార్బన్ ఆ కాలంలో పుట్టిన చేపల చెవిరాళ్ళలో మిగిలింది. వలయాల లెక్క సరైనదేనని దానితోనే రుజువు చేశారు. మీ అల్లుడు మాత్రం సైజు చూసి తాతగారిని లాక్కొచ్చాడు!

ప్రశ్న: కంటికి కనిపించని చేపలను ఎలా లెక్కిస్తారు సార్? (ఎమ్మెస్సీ విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం)

జవాబు: మామూలుగా అయితే ట్రాల్ వల లాగుతారు. వల ఎంత నేల ఊడ్చింది, ఎంత చేప పడింది అని చూసి మొత్తానికి గుణిస్తారు. అలాస్కా సింధుశాఖలో రెండేళ్ళకోసారి ఈ సర్వే చేస్తారు. నేను విశాఖ నుంచి సర్వే నౌకల మీద తిరిగినవాణ్ణి. అడుగున రాయి తగిలితే వల ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, చిరుగులు కుట్టుకుంటూ రాత్రంతా డెక్ మీదే. రాక్‌ఫిష్‌కేమో ఆ రాళ్ళే ఇల్లు. వల పోయే చోట చేప లేదు, చేప ఉన్నచోటికి వల పోదు. వల లెక్కను మాత్రమే నమ్మితే లేని కరువైనా కనిపిస్తుంది, ఉన్న కరువైనా కనిపించకుండా పోతుంది.

అందుకని ఆగ్నేయ అలాస్కాలో మనుషులే చిన్న జలాంతర్గామిలో దిగి, గీత గీసినట్టు సాగుతూ కనిపించిన యెల్లోఐలను లెక్కపెట్టేవారు. 2012 నుంచి కెమెరా ఉన్న రిమోట్ యంత్రాన్ని దించుతున్నారు. వచ్చిన సాంద్రతను రాతినేల విస్తీర్ణంతో గుణిస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాత చేసేది. అంచనా ఎప్పుడూ ఒక్క అంకె కాదు, ఇంత నుంచి ఇంత వరకు అని వస్తుంది. వాళ్ళు కింది అంచును తీసుకుని, అందులోనూ నూటికి రెండు వంతుల చొప్పునే పట్టాలని లెక్క వేసేవారు. పిసినారితనం అంటారేమో! ఇరవై ఏళ్ళకు గానీ పిల్లల్ని కనని చేప దగ్గర ఇంతకంటే ధారాళంగా ఉండటం నాకైతే పిచ్చితనం అనిపిస్తుంది.

ప్రశ్న: మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అలాస్కాలో కూడా అంతేనా? (మరబోటు కలాసీ, ఫిషింగ్ హార్బర్)

జవాబు: కవళ్ళు నాలుగు రోజులు బతికే చేపలు తమ్ముడూ. రెండు నెలలు వదిలేస్తే గుడ్లు పెట్టుకుంటాయి, మళ్ళీ వల నిండుతుంది. రాక్‌ఫిష్‌కి రెండు నెలలు ఏ మూలకి? 1965లో ఒక్క ఏడాదే సోవియట్, జపాన్ ట్రాలర్లు అలాస్కా సింధుశాఖలో దాదాపు మూడున్నర లక్షల టన్నుల పసిఫిక్ ఓషన్ పెర్చ్‌ని ఎత్తుకుపోయాయి. అదీ రాక్‌ఫిషే. కుప్పకూలింది. 1976లో తీరం నుంచి 200 మైళ్ళ దాకా వేటను అమెరికా తన అదుపులోకి తెచ్చుకునే చట్టం వచ్చి విదేశీ నౌకలు క్రమంగా వెళ్ళిపోయాక, కోటాలు పెట్టాక, దశాబ్దాలకు గానీ కోలుకోలేదు. కెనడావాళ్ళు 2003, 2007 మధ్య బ్రిటిష్ కొలంబియా తీరంలో 164 చోట్ల రాక్‌ఫిష్‌కి గాలం వేయడం మాన్పించారు. నెలలు కాదు, ఏడాది పొడవునా. ముసలి ఆడచేపలు లెక్కకు ఎక్కువ పిల్లల్ని వదులుతాయి కాబట్టి వాటిని కదపకుండా ఉంచడమే అసలు లాభం.

ఇంకోటి, ఆ బ్రిటిష్ కొలంబియాలోనే 2006 నుంచి అడుగు చేపలకు గాలం వేసే వ్యాపార బోట్ల మీద కెమెరా గానీ పరిశీలకుడు గానీ ఉండి తీరాలి. వీడియోలో పదో వంతు చూసి లాగ్‌బుక్‌తో పోలుస్తారు. తేడా వస్తే మొత్తం చూస్తారు, ఆ ఖర్చు బోటువాడిదే. మన దగ్గర రేవులో దిగిన సరుకును నమూనాగా చూసి అంచనా వేస్తారు, నీళ్ళలో పారేసింది ఆ లెక్కలోకి రాదు. మీ బోటు మీద కెమెరా బిగిస్తామంటే మీ సరంగు ఏమంటాడో అడిగి రాయి, వచ్చే సంచికలో వేస్తాం.