క్యాన్ నీళ్ల వల్లే జబ్బు చేసిందని రుజువు చేయగలరా?

ప్రశ్న: 4 ఏళ్లుగా ఒక వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ నింపించుకొని తాగుతున్నాము. 14 నెలల క్రితం ఇంట్లో ముగ్గురికీ వాంతులు, విరేచనాలు అయ్యాయి. మా అమ్మాయి వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ తర్వాత డిస్పెన్సర్‌పై 11 రోజులుగా ఉన్న క్యాన్‌లో మిగిలిన నీటిని కూల్‌డ్రింక్ సీసాలో పట్టి ప్రైవేటు ల్యాబ్‌కు ఇస్తే ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) ఉందన్నారు. 2 లక్షలు ఇవ్వకుంటే రిపోర్టును వాట్సాప్ గ్రూపుల్లో పెడతానని యజమానితో చెప్పవచ్చా?

జవాబు: ఆ మాట అనకండి. పరువు తీస్తానని భయపెట్టి సొమ్ము అడగడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షను కిందికి వస్తుంది, సొమ్ము చేతికి అందకపోయినా సరే. ఫిర్యాదుదారుగా ఉండవలసిన మీరు ముద్దాయి అవుతారు. నష్టపరిహారం కోరుతూ, ఇవ్వకుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని నోటీసు ఇవ్వడం వేరు. అది మీ హక్కు.

ఇక కేసును తేల్చే అంశం ఒక్కటే: ఆ సూక్ష్మజీవులు క్యాన్ మీ ఇంటికి రాకముందే నీటిలో ఉన్నాయా, వచ్చాక చేరాయా? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ.కోలై కనిపించకూడదన్నది నిజమే. కాని ఈ.కోలై కనిపిస్తే నీటిలో మలకాలుష్యం చేరిందని తెలుస్తుందే తప్ప, ఎక్కడ చేరిందో తెలియదు. మూత తీసిన క్యాన్, కడగని డిస్పెన్సర్ తొట్టి, దాని కుళాయికి తగిలే చేతులు, ఇవన్నీ యజమాని తరఫు న్యాయవాదికి ఆయుధాలే. పైగా శుద్ధి చేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చవలసిన నమూనాను కూల్‌డ్రింక్ సీసాలో ఇచ్చి మీ సాక్ష్యాన్ని మీరే పాడుచేసుకున్నారు. ఆ నీరు ఇప్పుడు లేదు కాబట్టి, కమిషన్ తానుగా సీలు వేసి పరీక్షకు పంపే అవకాశం కూడా పోయింది.

కాలపరిమితి పూర్తిగా దాటిపోలేదు. ఆహార భద్రతా చట్టం 77వ సెక్షను ప్రకారం నేరం జరిగిన ఏడాది తర్వాత కోర్టు విచారణకు స్వీకరించదు. ఆహార భద్రతా కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తేనే 3 ఏళ్ల వరకు వీలుంటుంది. వినియోగదారుల చట్టం 2019 కింద గడువు 2 ఏళ్లు కాబట్టి మీకు సుమారు 10 నెలలు మిగిలాయి.

అదే వారంలో అదే ప్లాంటు నీరు తాగి జబ్బుపడిన వేరే ఇళ్లవారు ఉన్నారేమో వెతకండి. వారి డిస్పెన్సర్ మీది కాదు. అందుకే వారి ప్రమాణపత్రాలు, చికిత్స కాగితాలు మీ ల్యాబ్ రిపోర్టుకన్నా ఎక్కువ బలమైనవి. క్యాన్‌కు ఫోన్‌లో చెల్లించిన వివరాలను బ్యాంకు స్టేట్‌మెంటుగా తీసుకోండి. ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేసి ప్లాంటులోనే నమూనా తీయించండి. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షను కింద మీరే ఫుడ్ అనలిస్టు (ఆ చట్టం కింద నమూనాలను పరీక్షించే అధికారి) చేత పరీక్ష చేయించుకోదలిస్తే, ఆ సంగతి కొనే సమయంలోనే అమ్మేవారికి చెప్పి తీరాలి. ఈ కొత్త నమూనా 14 నెలల నాటి సంగతిని రుజువు చేయదు, ప్లాంటు తీరును మాత్రమే చూపుతుంది.

అన్నిటికన్నా ముందు ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, మల పరీక్ష ఫలితంతో సహా మీ అమ్మాయి రికార్డు నకలు తీసుకోండి. వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అయితే చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లవరకే దాన్ని భద్రపరచవలసి ఉంటుంది.