మొప్ప ఎత్తి చూసినట్టు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ఆర్కే బీచ్ సాయంత్రాన్ని రాస్తూ నీలిసముద్రం, కెరటాల హోరు, ఉప్పుగాలి, మురీ మిక్చర్ ఘాటు, కాళ్లకింద ఇసుక అన్నీ ఒకే పేరాలో కూర్చావు. అయిదు ఇంద్రియాలకీ పని పెట్టావు గానీ, ఆ అమ్మాయి అక్కడికెందుకొచ్చిందో నాకు తెలియలేదు.

ఒకసారి తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్లు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు కట్టేసి ఉంటాయి. అది అయ్యాక వెళ్లు. చేపలు కొని అమ్ముకునే ఆవిడ పక్కన నిలబడి ఆమె చేతులు చూడు. వంజరం మొప్పని బొటనవేలితో ఎత్తుతుంది. లోపల ఎర్రగా ఉందా, రంగు తిరిగిందా? ఒంటి మీద వేలితో నొక్కుతుంది. సొట్ట వెంటనే పూడితే సరే, అలాగే ఉండిపోతే ఇక బేరం లేదు. ఆఖర్న ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఆ కన్నూ వేలూ ముక్కూ ఒక్కటే అడుగుతున్నాయి: పెట్టిన డబ్బులు సాయంత్రానికి తిరిగొస్తాయా? నీ పాత్ర కూడా ఏదో తేల్చుకోవలసి వచ్చినప్పుడే ముట్టుకోవాలి, వాసన చూడాలి.

నాకిది ఆలస్యంగా తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డాక, గాలి హోరు మీదే నాలుగు పేజీలు రాశాను. కొన్నాళ్లకి చదివితే అది ఏ ఊరి తుపానైనా కావచ్చు. వీధంతా పరుచుకున్న విరిగిన వేపకొమ్మల పచ్చి చేదు వాసన అందులో లేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగిన ఆ రాత్రి, పక్కింటి పెద్దాయన మంచం మీద ఇటూ అటూ పొర్లడం గోడ ఇవతలికి వినబడింది. ఇన్నేళ్లు పక్కనే ఉండి, ఆయనకి నిద్ర పట్టదని నాకు అప్పుడే తెలిసింది. అదీ రాయలేదు. ఇప్పటికీ బాధే.

ఇంకొకటి. ‘చేపల దుర్వాసన’ అని రాశావు. నీచు, కమురు, కనరు, ముక్క వాసన... వాసనలకి మనకి ఇన్ని మాటలున్నాయి కదా! పైగా జాలరిపేటలో ఇంటిముందు నెత్తళ్లు ఎండబెట్టుకునే మనిషికి అది దుర్వాసన ఎందుకవుతుంది? అది కూడు. ఎవరి ముక్కుతో రాస్తున్నావో ముందు తేల్చుకో.

ఆ అమ్మాయిని మళ్లీ బీచికి పంపు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుందో, తడుస్తున్నా వేసుకునే ఉందో చూసి రాయి. రాసి నాకు పంపు, ఎదురుచూస్తుంటాను.