ముందు ఆకు, తర్వాతే గుడ్లు

తల్లీ,

నీ పెంపుడు బల్లి, అదే ఆ బియర్డెడ్ డ్రాగన్‌కి మేతగా పట్టుపురుగులు ఇంట్లోనే పెంచుతానన్నావని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. ఇవి గెంతవు, కరవవు, కీచురాళ్లలా రాత్రంతా గోల చేయవు. ఒక్కటే అడుగుతాను. నీకు మల్బరీ ఆకు ఎంత దొరుకుతుంది? అది తేలకుండా గుడ్లు తెప్పించకు.

నేను చేసిన తప్పు అదే. మొదటిసారి రెండొందల గుడ్లు ఒకేసారి పొదిగించాను. ఆవగింజంత కూడా లేని గుడ్లు, ఏం తింటాయిలే అనుకున్నాను. మూడు వారాలు హాయిగానే గడిచింది. నాలుగో జ్వరం నుంచి లేచాక చూడాలి వాటి ఆకలి! (కుబుసం విడవడాన్ని పట్టు రైతులు జ్వరం అంటారు.) పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. పెరట్లో చెట్టు మోడైంది. వేరే ఆకులతో ఇవి సరిగా పెరగవు. సగానికి పైగా పోయాయి.

అందుకని గుడ్లున్న కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, పది రోజులకోసారి ఇరవై ముప్పై గుడ్లే బయటికి తియ్యి. మిగతావి ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఉండనీ, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. మల్బరీ పొడితో చేసిన మేత కూడా దొరుకుతుంది కానీ, దాన్ని పుట్టినప్పటి నుంచే అలవాటు చెయ్యాలి. ఆకు రుచి మరిగిన పురుగు దాన్ని చూసి మూతి తిప్పుకుంటుంది.

25 నుంచి 28 డిగ్రీల వేడిలో పది పన్నెండు రోజులకు గుడ్లు పగులుతాయి. పిల్లలు చీమల్లా నల్లగా ఉంటాయి. వేలితో తియ్యకు, మెత్తని బ్రష్‌తో ఎత్తు. లేత ఆకు సన్నగా తరిగి పెట్టు. ఆకు కడిగితే పూర్తిగా ఆరాకే వెయ్యాలి, తడి ఉంటే రోగాలొస్తాయి. రెట్టలు రోజూ తియ్యి. ఒక్కోసారి తల పైకెత్తి కదలకుండా ఉండిపోతాయి. చచ్చాయేమో అని టెన్షన్ పడకు, జ్వరానికి వెళ్లాయంతే. ఆ రోజు ఆకు పెట్టకు, తాకకు.

ఇంకోసారి ఏం జరిగిందంటే, ఇంటికొచ్చిన చుట్టాలు రాత్రి ఆ గదిలో దోమల లిక్విడ్ పెట్టారు. తెల్లారేసరికి పురుగులన్నీ పచ్చటి నీళ్లు కక్కుతూ మెలికలు తిరుగుతున్నాయి. అలాంటివాటిని నీ డ్రాగన్‌కి పొరపాటున కూడా పెట్టకు. నల్లబడ్డవి, ఒళ్లు ఉబ్బి పాలలాంటి ద్రవం కారేవి కూడా పారెయ్యాల్సిందే. మందు కొట్టిన చెట్టు ఆకు జోలికే పోవద్దు.

పెట్టేటప్పుడు డ్రాగన్ రెండు కళ్ల మధ్య దూరాన్ని మించిన పురుగు వద్దు. కాల్షియం పొడి అద్ది పెట్టు. పురుగు ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి వీటితోనే కడుపు నింపకు.

నాలుగైదింటిని గూళ్లు కట్టనియ్యి. రెండు వారాల్లో చిమ్మటలు వస్తాయి. అవి ఎగరవు, ఏమీ తినవు. ఒక్క ఆడది 300 నుంచి 500 గుడ్లు పెడుతుంది. అవి పసుపు నుంచి బూడిదరంగుకి మారితే కొన్ని నెలలు చలిలో ఉంచితే గానీ పగలవు.

నీ చెట్టు ఎంత ఎత్తుందో, ఎన్ని కొమ్మలున్నాయో రాయి. దాన్ని బట్టి ఎన్ని గుడ్లు పంపాలో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ