చెల్లు రాసుకున్నంత మాత్రాన గడువు పెరగదు

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. పక్క ఊళ్లో నాలుగెకరాల మెట్ట భూమిని ఎకరం 14 లక్షల చొప్పున కొనడానికి 2023 ఫిబ్రవరి 10న వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం. ఆరు నెలల్లో మిగతా పైకం చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నది షరతు. బయానాగా బ్యాంకు ద్వారా 10 లక్షలు, నగదుగా 5 లక్షలు ఇచ్చాను. నా భార్య నగలు అమ్మి తెచ్చిన డబ్బు అది. 2024 జనవరిలో ఇంకో 3 లక్షలు నగదు ఇచ్చి, అగ్రిమెంటు వెనుక నా చేత్తోనే చెల్లు (డబ్బు ముట్టినట్లు రాత) రాసుకున్నాను. భూమి అమ్ముతున్న ఆయన, మా నాన్న చిన్ననాటి స్నేహితులు కావడంతో సంతకం అడగలేకపోయాను. రోడ్డు పడుతుందని తెలిసి ఇప్పుడు భూమిని వేరేవాళ్లకు చూపిస్తున్నారు. నేను అడిగితే ‘మీకే ఇస్తాను, తొందరేముంది’ అంటున్నారు. భూమిని ఇప్పటికీ ఆయనే సాగు చేస్తున్నారు, పట్టా ఇంకా చనిపోయిన వాళ్ల నాన్న పేరునే ఉంది. మిగతా పైకానికి 2024 మార్చిలో పట్టణంలో ప్లాటు అమ్మిన డబ్బు నా దగ్గర ఉంది. ఆయన కాదననంత వరకు గడువు మొదలు కాదని ఒకరు చెప్పారు. చెల్లు కింద ఆయన సంతకం మనమే పెట్టేద్దామని మా బావమరిది అంటున్నాడు. అగ్రిమెంటులో స్వాధీనం ఇచ్చినట్లు రాసి ఉంది కాబట్టి కంచె వేసుకోవచ్చా?

జవాబు: నగలు, స్నేహం, రోడ్డు వల్ల పెరిగిన ధర, వీటిలో ఏదీ మీ కేసును తేల్చదు. తేల్చేది ఒక్క తేదీ, దావా వేయడానికి ఆఖరి రోజు: 2026 ఆగస్టు 10.

అమ్మకపు అగ్రిమెంటును అమలు చేయించమని వేసే దావాకు కాలపరిమితి చట్టం 54వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. అగ్రిమెంటులో తేదీ నిర్ణయించి ఉంటే ఆ తేదీ నుంచే లెక్క. అమ్మేవాడు నిరాకరించినట్లు తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టేది తేదీ నిర్ణయించని అగ్రిమెంట్లకు మాత్రమే. మీకు సలహా ఇచ్చిన పెద్దమనిషి ఆ అధికరణంలో రెండో సగమే చదివారు. మీ ఆరు నెలలు 2023 ఆగస్టు 10తో ముగిశాయి. మూడేళ్లు ఆ రోజు నుంచే నడుస్తున్నాయి. ‘మీకే ఇస్తాను’ అన్న నోటిమాట ఆ లెక్కను ఆపదు. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకునే వీలు అప్పీళ్లకు ఉంది, దావాకు లేదు.

2024 జనవరిలో మీరు రాసుకున్న చెల్లు కింద ఆయన సంతకం ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. గడువు లోపల రాతపూర్వకంగా బాధ్యతను ఒప్పుకొని సంతకం చేస్తే, కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి కొత్త మూడేళ్లు వస్తాయని వాదించడానికి గట్టి ఆధారం దొరికేది. మూడు లక్షలు చేతికిస్తూ సంతకం అడగడానికి మొహమాటపడ్డారు! పెద్దల స్నేహం మీద గౌరవం ఉంటే ఆ కాగితం అప్పుడే సరిగా రాయించుకోవాల్సింది. మీరు మీ చేత్తో రాసుకున్నది మీ నోటుపుస్తకంలో రాసుకున్న లెక్కతో సమానం.

మీ బావమరిది మాట విన్నారా, భూమి పోవడమే కాదు, మీరు జైలుకు వెళతారు. విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ యావజ్జీవ కారాగారం దాకా శిక్ష చెబుతోంది. ఆ సంతకం తనది కాదని ఆయన ఒక్క మాట అంటే కోర్టు దాన్ని నిపుణుడి పరీక్షకు పంపుతుంది. అది దొంగ సంతకమని తేలితే, బ్యాంకు ద్వారా ఇచ్చిన 10 లక్షల గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా న్యాయమూర్తి నమ్మరు. చెల్లు ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచండి. ఒక్క అక్షరం కలపవద్దు, కొట్టివేయవద్దు. గడువు లోపల దావా వేస్తే ఆ సంతకంతో మీకు అవసరమే ఉండదు.

కంచె కూడా వద్దు. స్వాధీనం ఇచ్చినట్లు కాగితం మీద ఉంది గానీ, ఈ మూడేళ్లూ సాగు చేసింది ఆయనే అని మీ ఉత్తరమంతా చదివితే అర్థమవుతోంది. రిజిస్టరు కాని అగ్రిమెంటు మీద స్వాధీనాన్ని కాపాడుకునే రక్షణ 2001 సెప్టెంబరు 24 నుంచి లేదు. పైగా ఆ వాక్యం మీకు కొత్త చిక్కు తెచ్చింది. స్వాధీనం ఇచ్చినట్లు రాసిన అగ్రిమెంటుకు ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుతో సమానంగా స్టాంపు సుంకం కట్టాలి. వంద రూపాయల కాగితాన్ని కోర్టులో పెట్టగానే అవతలి న్యాయవాది మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే. లోటు సుంకం, దానికి పది రెట్ల జరిమానా కడితే తప్ప ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. కోర్టు చేత జిల్లా రిజిస్ట్రారుకు పంపించుకుంటే జరిమానా తగ్గే అవకాశం ఉంది కాబట్టి మీ న్యాయవాదితో ముందే ఈ సంగతి మాట్లాడండి. ఇక రిజిస్ట్రేషన్ లేకపోవడం ఈ దావాకు అడ్డు కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు ప్రకారం రిజిస్టరు కాని అగ్రిమెంటును కూడా ఒప్పందానికి సాక్ష్యంగా చూపవచ్చు.

తేదీ తరువాత మీకు అసలు పరీక్ష సొమ్ము దగ్గర ఎదురవుతుంది. మొదటి నుంచి ఇప్పటి దాకా మిగతా పైకం చెల్లించడానికి సిద్ధంగా ఉన్నానని మీరే రుజువు చేయాలి. నిర్దిష్ట ఉపశమన చట్టం 16వ సెక్షన్ ఇందులో ఎవరినీ ఉపేక్షించదు. పట్టణంలో ప్లాటు అమ్మిన డబ్బు ఉందని రాశారు. అది అమ్మింది 2024 మార్చిలో. 2023 ఆగస్టులో మీ దగ్గర 41 లక్షలు ఎలా వచ్చేవి? అప్పటి డిపాజిట్లు, బ్యాంకు రుణ మంజూరు పత్రం, ఆ ప్లాటుకు అప్పటి విలువ చూపే కాగితం, ఏది ఉంటే అది వెతకండి. ప్లాటు సొమ్ములోంచి ఇప్పుడు చెల్లించాల్సిన 38 లక్షలను వేరే ఖాతాలో వేసి కదపకుండా ఉంచండి. సిద్ధంగా ఉన్నానని దావాలో రాస్తే సరిపోదు, స్టేట్‌మెంటు మాట్లాడాలి.

నగదు సంగతి కూడా దాచుకోవద్దు. రెండు లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చానని దావాలో రాస్తే కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జరిమానా ప్రధానంగా తీసుకున్నవారి మీద పడుతుంది. కానీ ఆ డబ్బు ఎక్కడిదని మిమ్మల్ని అడుగుతారు. నగలు అమ్మిన దుకాణం రసీదు ఇప్పుడే సంపాదించండి. భార్య నగల గురించి మీరు రాసిందాంట్లో కోర్టుకు పనికొచ్చేది ఆ రసీదే. ఆయనతో ఫోనులో నడిచిన సందేశాలు ఉంటే ఆ ఫోను మార్చవద్దు, అమ్మవద్దు. వాటిని కోర్టులో పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి.

ఇక చేయాల్సిన పని. ఈ వారమే న్యాయవాది చేత స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సేవతో, నోటీసు పంపించండి. రిజిస్ట్రేషన్‌కు తేదీ, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం పేరు చెప్పి, 38 లక్షలతో వస్తానని రాయండి. ఆ రోజు నిజంగానే వెళ్లి, వెళ్లినట్లు ఆధారం ఉంచుకోండి. ఆ భూమి కోసం తిరుగుతున్న కొనుగోలుదారు ఎవరో తెలిస్తే ఆయనకూ నకలు పంపండి. తెలియక, మంచి విశ్వాసంతో, డబ్బిచ్చి కొన్నవాడి మీద మీ అగ్రిమెంటు చెల్లదు. తెలిసి కొన్నవాడి మీద చెల్లుతుంది. నోటీసు పంపాను కదా అని ఆగవద్దు. నోటీసుకు జవాబు వచ్చినా రాకపోయినా ఆగస్టు 10 కదలదు.

ఈలోగా ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం), 1బి, అడంగల్ (హక్కు, సాగు రికార్డులు) తీయించండి. పట్టా ఇంకా అమ్మేవారి చనిపోయిన నాన్న పేరునే ఉందని మీరు ఒక మూల రాశారు. ఆయనకు అక్కాచెల్లెళ్లు ఉండి, వారు అగ్రిమెంటులో సంతకం చేయకపోతే, మీకు దక్కేది ఆయన వాటా దాకానే కావచ్చు. అది డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమి) అని తేలితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వేరుగా అడ్డుపడవచ్చు. అది దావా వేయకముందే తెలియాలి.

దావాలో ముందు అగ్రిమెంటు అమలు కోరండి. అది కుదరని పక్షంలో 18 లక్షలు వడ్డీతో తిరిగి ఇప్పించమని, ఆ మొత్తానికి భూమి మీద చార్జి (భూమి నుంచి రాబట్టుకునే హక్కు) ఇమ్మని కూడా అదే దావాలో అడగండి. అడగకపోతే నిర్దిష్ట ఉపశమన చట్టం 22వ సెక్షన్ ప్రకారం బయానా తిరిగి ఇప్పించరు. కోర్టు ఫీజు ఎక్కువని, ముందు ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) దావా ఒకటి వేసి తరువాత చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అప్పుడే అడగాల్సిన ఉపశమనాన్ని వదిలేశారని, సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండో ఆర్డరు రెండో రూలు కింద తరువాతి దావా కొట్టివేయాలని అవతలివారు పట్టుబడతారు. 2012లో సుప్రీంకోర్టు అలాంటి దావాను కొట్టివేసింది కూడా. అమలు దావాలోనే తాత్కాలిక ఇంజంక్షన్ కోరి, ఉత్తర్వు రాగానే దాని నకలును సబ్‌రిజిస్ట్రారుకు అందజేయండి. అసలు అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, నగల రసీదు తీసుకొని సోమవారమే న్యాయవాది దగ్గరకు వెళ్లండి.