1918 ఫ్లూ కాలంలో మన నల్గొండ, పాలమూరు వైపు జనం ఎలా తట్టుకున్నారు?

మొదట సర్కార్ల సంగతి. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది కాబట్టి సైనికుల ధైర్యం చెడుతుందని పోరాడే దేశాలు రోగం వార్తలను తొక్కిపెట్టాయి. స్పెయిన్ యుద్ధంలో లేదు, అక్కడి పేపర్లు దాచకుండా రాశాయి, అందుకే 'స్పానిష్ ఫ్లూ' అన్న పేరు పడింది. ఆ దేశానికి జరిగిన అన్యాయమే ఇది.

మన దేశంలోకి ఎండాకాలం చివర్లో బొంబాయి రేవు నుంచి వచ్చింది. అసలు ప్రాణాలు తీసింది మాత్రం సెప్టెంబర్ తర్వాత వచ్చిన రెండో విడత. దేశం మొత్తం మీద కోటి మందికి పైగా పోయారు. రైళ్లే దాన్ని మోసుకెళ్లాయి. భువనగిరి మీదుగా అప్పటికే రైలు నడిచేది, నల్గొండ పట్టణానికి మాత్రం ఇంకా లైను లేదు.

గత్తర, ప్లేగు వస్తే ఊరు వదిలి చెలకల్లో గుడిసెలు వేసుకోవడం జనానికి అలవాటే. పోచమ్మకు మొక్కడం, గుమ్మానికి వేపమండలు కట్టడం కూడా. కానీ ఇది ఊపిరితో అంటుకునే జబ్బు, పైగా ఎక్కువగా పోయింది 20 నుంచి 40 ఏళ్ల వాళ్లు, అంటే నాగలి పట్టేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు. ఆ ఏడు వానలు కూడా ఎగ్గొట్టాయి, యుద్ధంతో గింజల ధరలు పెరిగాయి. ఇంటిల్లిపాదీ జ్వరంతో పడుకుంటే బావి నుంచి బిందెడు నీళ్లు తెచ్చేదెవరు? యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో వేళకు ఇన్ని నీళ్లు, కాస్త గంజి పోసే మనిషి ఉండటమే పెద్ద వైద్యం.