లక్నవరంలో రాత్రి ఉండాలంటే

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ, నీ ఆఫీసు దోస్తులూ ములుగు దగ్గరి లక్నవరం చెరువుకు వెళ్ళి టెంట్లో పడుకుంటారట కదా. మీ నాన్న నిన్న ఫోన్ చేసి ఒకటే గొణుగుడు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు కదా అంటాడు. నేను మాత్రం రాత్రి ఉండమనే అంటాను. పగలు వెళ్తే వేలాడే వంతెన మీద సెల్ఫీలకు వరుస కట్టడమే సరిపోతుంది. ఆ కార్లన్నీ వెళ్ళిపోయాక గానీ చెరువు కనిపించదు.

కార్తీకం నుంచి పుష్యం దాకా మంచి కాలం. చెరువు నిండి మత్తడి దుంకడం చూడాలంటే వానల్లోనే వెళ్ళాలి, అప్పుడిక టెంటు మాట ఎత్తకు. మేడారం జాతర ఏడాదైతే మాఘ పౌర్ణమికి అటు పది రోజులు, ఇటు పది రోజులు ఆ రోడ్డెక్కకండి. జాతర బండ్లు ములుగు దాటాక అదే దారిలో ఉంటాయి.

హైదరాబాద్ నుంచి 220 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెల్లారుజామునే బయలుదేరితే దారిలో పాలంపేట రామప్ప గుడి చూసుకోవచ్చు. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం 1213 నాటిది. గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. గుడి ఒక్కటే చూసి తిరిగి రాకు, పక్కనే రామప్ప చెరువుంది. అదీ కాకతీయుల నాటిదే, అది చూసి వెళ్తే లక్నవరం తేలికగా అర్థమవుతుంది. చల్వాయి దగ్గర మలుపు తిరగాలి. అక్కడే పైసలు, నీళ్ళు, పెట్రోలు అన్నీ సరిచూసుకో. లోపల సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

టెంటు ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. చుట్టూ అడవి. టూరిజం వాళ్ళకు ముందే ఫోన్ చేసి, సొంత టెంటుకు జాగా ఇస్తారా, వాళ్ళదే తీసుకోవాలా అడుగు. నీళ్ళ అంచున వేయకు, చలి రెట్టింపు అవుతుంది.

ఇంకో సంగతి, నా నెత్తి మీదికి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మొదటిసారి వెళ్ళినప్పుడు టెంటు కింద పెద్ద టార్పాలిన్ పరిచాను, నాలుగు వైపులా మూరెడేసి బయటికి ఉండేలా. ఎంత జాగ్రత్తపరుణ్ణో అనుకున్నా. అర్ధరాత్రికి టెంటు మీది నుంచి జారిన మంచు అంతా ఆ అంచుల మీద పడి, పట్టా మీదుగా నడుం కిందికి చేరింది. తెల్లారేదాకా కూర్చునే ఉన్నా. కింద పరిచేది టెంటు కంటే జానెడు చిన్నదే ఉండాలి. మిగిలితే లోపలికి మడిచెయ్యి. దుప్పటి మనిషికి రెండు. ఒకటి కప్పుకోవడానికి కాదు, కిందికి. చలి నేల నుంచే ఎక్కుతుంది.

దోమల మందు మరవకు, ఏజెన్సీ జ్వరాలు ఆటలు కావు. తిండి సంచి బయట పెడితే కోతులు మిగల్చవు. రాలిన టేకాకు ఎండి ఉంటుంది, మంటలు వద్దు. జొన్నరొట్టెలు, పల్లికారం కట్టుకుపోతే పొయ్యి పనే లేదు. ఈత వచ్చని ఎవడైనా నీళ్ళలోకి దిగబోతే చెయ్యి పట్టుకుని లాగు. అడుగున బురద ఎంతుందో ఒడ్డున నిలబడి చెప్పలేం. బోటెక్కితే లైఫ్ జాకెట్ విప్పొద్దు.

పొద్దున్నే అందరికంటే ముందు లేచి కట్ట మీదికి నడువు. ఆ వంతెన నిన్న మొన్నటిది. చూడాల్సింది కట్ట. ద్వీపాలు పదమూడని చెప్తారు, అంత చెరువుకు కట్ట ఇంతేనా అనిపిస్తుంది. అదే కాకతీయుల తెలివి. గణపతిదేవుడి కాలంలో గుట్టల మధ్య సందులు వెతికి వాటిని మాత్రమే మూశారు. మిగతా కట్టంతా గుట్టలే. చెరువు తవ్వించడాన్ని కొడుకును కన్నంత పుణ్యంగా, సప్త సంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టిన రోజులవి. తూము దగ్గర కాసేపు నిలబడు. యాసంగికి నీళ్ళు వదిలి ఉంటే లోపల గుర్రుమని చప్పుడు వినిపిస్తుంది. ఆ నీళ్ళు కింది పొలాలకు పోతాయి. ముప్పై ఏళ్ళు ఇరిగేషన్‌లో చేసిన నాకు ఆ చప్పుడు వింటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. అందుకే చెప్తున్నా, సబ్బు, షాంపూ, బిర్యానీ ప్లేట్లు చెరువు దగ్గరికి పోనివ్వకు.

రాజులను మెచ్చుకుంటూ ఒక మాట మరవొద్దు. కరువొచ్చి కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మీదికి వస్తే సమ్మక్క ఎదురు నిలిచిందని కోయవాళ్ళు చెప్పుకుంటారు. కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగుకే జంపన్న వాగని పేరొచ్చింది. మేడారం అక్కడికి దగ్గరే. ఇన్ని చెరువులు తవ్వించిన వంశమే కరువులో కప్పం అడిగిందంటే నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. అక్కడ ఎవరైనా కోయ పెద్దమనిషి కలిస్తే ఆ కథ అడుగు, నేను చెప్పేదానికంటే బాగా చెప్తారు. ఫోన్ పెట్టి రికార్డు చెయ్యాలంటే ముందు వాళ్ళను అడుగు.

నా టెంటు అటక మీదుంది, నలుగురు పడతారు. వచ్చి తీసుకుపో. తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఎండలో ఆరబెట్టి మడిచి తీసుకురా. పోయినసారి మీ అన్న తడిదే చుట్టి పెట్టాడు, ఇంకా బూజు వాసన వదల్లేదు.

ఉంటాను,
మీ పెదనాన్న