రెసిన్‌లో పోత పోసిన లేజర్ ట్యాగ్ సెన్సర్‌కి రేంజ్ ఎందుకు పడిపోయింది?

లేజర్ ట్యాగ్ అంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) కాంతి గన్‌లతో కాల్చుకునే ఆట. అందులో హెడ్‌బ్యాండ్ మీద పెట్టే ఐఆర్ సెన్సర్లను మీరు క్లియర్ రెసిన్‌లో (పోస్తే గట్టిపడే పారదర్శక ఎపాక్సీలో) పోశారు, బల్ల మీద బాగానే పలికాయి, బయట ఆటలో మాత్రం దూరం నుంచి కొట్టిన షాట్లు తగలడం లేదు. సెన్సర్ కాలిపోయిందా, రెసిన్ ఐఆర్‌ని ఆపేస్తోందా అన్నది మీ అనుమానం. రెండూ కాదనే అనుకుంటున్నా. కాలిపోతే బల్ల మీద కూడా పలకదు, క్లియర్ రెసిన్‌లోంచి ఐఆర్ బాగానే వెళ్తుంది.

నాకూ ఇదే జరిగింది. మొదటిసారి ఆరు సెన్సర్లను చదునుగా, బిళ్లల్లా పోశాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి, ఆటకి మాత్రం పనికి రాలేదు.

టీఎస్ఓపీ రకం రిసీవర్ (ఐఆర్ కాంతిని అందుకునే మూడు కాళ్ల సెన్సర్) ముందు నల్లటి బుడిపె ఉంటుంది కదా, అదే దాని లెన్స్. కాంతి గాలిలోంచి అందులోకి దిగేటప్పుడు వంగితేనే అది పనిచేస్తుంది. ఆ బుడిపె కూడా ఎపాక్సీయే. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.5, మనం పోసే రెసిన్‌దీ దాదాపు అంతే. గ్లిజరిన్‌లో ముంచిన గాజుకడ్డీ మాయమైపోయినట్టు, రెసిన్‌లో ఆ లెన్స్ కాంతికి లేనట్టే లెక్క. ఇక బయటి రెసిన్ ఏ ఆకారంలో ఉంటే అదే లెన్స్. చదును బిళ్ల ఏ కాంతినీ పోగుచెయ్యదు.

అందుకే అర్ధగోళం అచ్చులో పోయండి. చాక్లెట్లకు వాడే సిలికాన్ అచ్చు చాలు. సెన్సర్ ఆ గోళం కేంద్రంలో కూర్చుంటే అన్ని వైపుల నుంచీ ఇంచుమించు సమానంగా అందుకుంటుంది. కేంద్రం నుంచి కాస్త వెనక్కి జరిపితే ఎదురుగా రేంజ్ పెరిగి, పక్కల తగ్గుతుంది. నేను తలకి కట్టేవాటికి కేంద్రంలో, ఛాతీ మీదవాటికి రెండు మిల్లీమీటర్లు వెనక్కి పెడతాను.

పోసేటప్పుడు అట్టముక్కకు సెన్సర్ కాళ్లు గుచ్చి, అచ్చు మూతి మీద అడ్డంగా పెట్టి, బుడిపె కిందికి వేలాడేలా వదలండి. అంతకుముందే పుల్లతో ఒక బొట్టు రెసిన్ బుడిపెకు రాయండి. లేకపోతే సరిగ్గా అక్కడే ఒక గాలిబుడగ అతుక్కుని కూర్చుంటుంది, మిగతావి మాత్రం బుద్ధిగా పైకి తేలిపోతాయి.

కొలత దగ్గర నేను బోల్తాపడ్డాను. సీసా మీద రెసిన్, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) 2:1 అని ఉంటే త్రాసు మీద తూచి కలిపాను. అది ఘనపరిమాణం లెక్కట. రెసిన్ హార్డెనర్ కన్నా బరువు కాబట్టి హార్డెనర్ ఎక్కువైపోయి, వారమైనా జిగట వదల్లేదు. చేతికి గ్లవ్స్, గదికి గాలి ఎలాగూ ఉండాలి.

వైరు సంగతి ఎవరూ చెప్పరు. పోగుల వైరైతే రెసిన్ పోగుల మధ్య నుంచి ఇన్సులేషన్ లోపలికి పాకి గట్టిపడుతుంది. రెండు ఆటలయ్యాక వైరు సరిగ్గా ఆ గట్టిభాగం అంచు దగ్గరే పుటుక్కున తెగుతుంది. సోల్డర్ చేసిన చోట ముందే కాస్త హాట్ గ్లూ పెట్టి పోగులు మూసెయ్యండి.

పోసే ముందు ప్రతిదాన్నీ టెస్ట్ చెయ్యండి, తర్వాత విప్పడానికుండదు. టీఎస్ఓపీ 1738లో కాళ్ల వరుస గ్రౌండ్, సప్లై, అవుట్‌పుట్. 4838లో అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై. ఇది చూసుకోక మూడు సెన్సర్లను తప్పు వైరింగుతోనే శాశ్వతంగా సమాధి చేశాను. 38 కిలోహెర్ట్జ్ (సెకనుకు 38 వేలసార్లు మిణుకుమనే కాంతిని పట్టే) సెన్సర్లయితే టీవీ రిమోట్‌తో చూడొచ్చు, 56 కిలోహెర్ట్జ్ రకానికి మీ గన్‌తోనే చూడాలి.

రంగు కలపాలనుంటే ఒక పలుచటి బిళ్ల విడిగా పోసి, దాని వెనక రిమోట్ పెట్టి ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. ఎల్ఈడీ మెరుపు కనబడకపోతే ఆ రంగు వద్దు. మామూలు నల్లరంగు ఐఆర్‌ని కూడా మింగేస్తుంది.

ఇప్పటికే పోసిన బిళ్లల్ని పారెయ్యకండి. పైభాగాన్ని ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి, తుడిచి, బుడిపెకు ఎదురుగా అదే రెసిన్ బొట్లుబొట్లుగా వెయ్యండి. అంచు దాటనివ్వకపోతే తలతన్యత వల్ల తనంతట తనే గుండ్రంగా ఉబ్బి నిలుస్తుంది, గరుకు కూడా మళ్లీ అద్దంలా అవుతుంది. నా ఆరింటిలో నాలుగింటిని అలాగే లేపాను.